యుద్ధం అక్కడ, సోదా ఇక్కడ

యుద్ధం వచ్చిన ప్రతిసారీ మా ఇళ్లలో రేడియో చప్పుడు తగ్గుతుంది. 1965లో తగ్గింది. 1971లో తగ్గింది. 1999లో కార్గిల్ కొండల మీద ఫిరంగులు పేలుతున్నప్పుడు టీవీ చప్పుడు తగ్గింది. వార్తలు వినాలని మాకూ ఉంటుంది. మా పిల్లలూ ఆ సరిహద్దులో ఉంటారు. కానీ మా ఇంట్లో ఏ స్టేషను మోగుతోందని పక్కింటివాళ్లు అనుకుంటారోనని భయం. టీ హోటల్లో కూర్చుంటే ఎవరో ఒకరు నవ్వుతూనే అడుగుతారు: "ఏం సాయిబూ, ఎవరు గెలుస్తారంటావ్?" అడిగేవాడికి యుద్ధం సంగతి అక్కర్లేదు. మా సంగతి కావాలి. మేమూ నవ్వుతూనే జవాబు చెబుతాం. మామూలుకంటే కాస్త గట్టిగా చెబుతాం. బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు చెబుతాం, హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు చెబుతాం. చచ్చిపోయిన మావాళ్ల పేర్లు మాకు గుర్తింపు కార్డులయ్యాయి. అడిగినవాడికల్లా తీసి చూపించాలి.

ఈ ప్రశ్న దేశ విభజనతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. మా మంచి కోరే లౌకికవాద మిత్రులు కూడా అదే చెబుతారు. పాకిస్తాన్ ఏర్పడింది కాబట్టి అనుమానం వచ్చింది, ఆ గాయం మానితే అనుమానం పోతుంది అంటారు. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం. కానీ చరిత్రను కాస్త వెనక్కి తిప్పి చూస్తే, పాకిస్తాన్ అనే మాట కూడా పుట్టని కాలంలోనే ఈ ప్రశ్న మా గుమ్మం ముందు నిలబడి ఉంది. అప్పుడు దాన్ని అడిగింది పక్కింటివాడు కాదు. తెల్లదొర. అడిగిన సందర్భం మొదటి ప్రపంచ యుద్ధం.

యుద్ధం అనగానే మన పుస్తకాలు ఫ్రాన్సు కందకాల గురించి, జర్మనీ జలాంతర్గాముల గురించి చెబుతాయి. యుద్ధరంగానికి ఇవతల, ఇంటిపట్టున ఉన్నవాళ్లకు ఏమైందో చెప్పవు. ఆ ఇంటిపట్టున ఉన్న జనంలో ముస్లింలకు అదనంగా ఏమైందో అసలే చెప్పవు. ఆ రెండు సంగతులూ మేం చెప్పదలుచుకున్నాం.

* * *

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. దాంతో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టే అయింది. ఈ దేశంలో ఎవరినీ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. కాంగ్రెస్ నాయకులు విశ్వాసం ప్రకటించారు. ముస్లిం లీగ్ నాయకులు విశ్వాసం ప్రకటించారు. సంస్థానాధీశులు పోటీలుపడి డబ్బు, మనుషులు, గుర్రాలు ఇచ్చారు. యుద్ధంలో సాయం చేస్తే ఆ తర్వాత హక్కులు ఇస్తారన్న ఆశ అందరిలోనూ ఉండింది.

తెలుగువాళ్లకు ఆ యుద్ధం ముందు పత్రికల్లో వచ్చింది. అదే ఏడు ఏప్రిల్‌లో ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైంది. ఆ తర్వాత యుద్ధం కాగితం మీద నుంచి లేచి సముద్రం మీదికి వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు రేవుకు వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. ట్యాంకులు తగలబడ్డాయి. కొద్దిమంది చనిపోయారు. వేలమంది ఊరు వదిలి పరుగెత్తారు. సముద్రాలన్నీ తనవే అనుకున్న తెల్లదొర తన రేవును తాను కాపాడుకోలేడని కోస్తా జనం మొదటిసారి కళ్లారా చూశారు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఈ దేశం ఆ యుద్ధానికి మనుషుల్ని మోసింది. పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. డెబ్బై వేల మందికి పైగా తిరిగి రాలేదు. అప్పటి సైన్యంలో ముస్లింలు మూడింట ఒక వంతుకు దగ్గరగా ఉండేవారు. పంజాబు నుంచి వెళ్లిన సిపాయిల్లో అందరికంటే ఎక్కువమంది పంజాబీ ముస్లింలే. మద్రాసు సాపర్ల దళాల్లో తమిళులు, తెలుగువాళ్లు, దళిత క్రైస్తవులు, దక్కనీ ముస్లింలు కలిసి వంతెనలు కట్టారు, కందకాలు తవ్వారు. సిపాయిలే కాదు. వంటవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు, పాకీ పని చేసేవాళ్లు లక్షల్లో వెళ్లారు. శిలాఫలకాల మీద పేర్లు వెతికితే వీళ్ల పేర్లు అందరికంటే తక్కువ కనిపిస్తాయి.

మొదట కడుపుకోసం వెళ్లారు. తర్వాత తర్వాత బలవంతాన పంపారు. 1917, 1918 సంవత్సరాల్లో పంజాబులో లెఫ్టినెంట్ గవర్నర్ ఓడ్వయర్ పాలనలో ఊరికింతమందని లెక్కలు కట్టి మనుషుల్ని పట్టుకెళ్లారు. ఇంట్లో మిగిలిన తల్లులు, పెళ్లాలు ఉత్తరాల కోసం చూసేవాళ్లు. చదువు రాని సిపాయి ఇంకొకడితో రాయిస్తే, చదువు రాని తల్లి ఇంకొకరితో చదివించుకునేది. ఆ మధ్యలో సర్కారు సెన్సార్ అధికారి కూర్చుని ప్రతి ఉత్తరాన్నీ తిరగేసేవాడు. అమ్మకు రాసిన మాటలో కూడా రాజద్రోహం ఉందేమోనని వెతికేవాడు.

* * *

ఇక కడుపుల సంగతి. 1917లో భారత ప్రభుత్వం ఈ దేశ ప్రజల తరఫున బ్రిటన్‌కు పది కోట్ల పౌన్లు కానుకగా ఇచ్చింది. అప్పటి మారకం లెక్కన నూట యాభై కోట్ల రూపాయలు. కానుక ఇచ్చినట్టు ఇచ్చినవాళ్లకే తెలియదు. పన్నులు పెరిగాయి. యుద్ధ రుణాల పేరుతో ఊళ్లలో వసూళ్లు సాగాయి. వెండి కరువై రూపాయి నాణెం మాయమైంది. 1917 నవంబరులో మొదటిసారి ఒక రూపాయి కాగితం నోటు వచ్చింది. నిజాం రాజ్యంలో కూడా వెండి కొరతవల్లే 1918లో కాగితం నోట్లు తెచ్చారు. చేతిలో మోగే రూపాయిని నమ్మిన మనిషికి కాగితం ఇచ్చి ఇదే రూపాయి అనుకోమన్నారు.

ఓడలన్నీ యుద్ధానికి పోయాయి. బర్మా నుంచి బియ్యం రావడం కష్టమైంది. కోస్తా జిల్లాల కూలీలు ఏటా రంగూను వెళ్లి పొట్టపోసుకుని వచ్చేవాళ్లు. ఆ దారికీ అడ్డంకులు వచ్చాయి. మాంచెస్టరు గుడ్డ రావడం తగ్గి బట్టల ధర మండిపోయింది. కిరసనాయిలు, ఉప్పు అన్నీ అంతే. 1918లో వానలు ముఖం చాటేశాయి. ఆ ఏడు సెప్టెంబరులో మద్రాసు నగరంలో జనం బియ్యం దుకాణాల మీద, గుడ్డల దుకాణాల మీద పడ్డారు. రాజధానిలో పోలీసులు, సైన్యం కాల్పులు జరపాల్సి వచ్చేంత గొడవ అయింది. రాష్ట్రంలో ఇంకా ఎన్నోచోట్ల సంతలు, అంగళ్లు లూటీ అయ్యాయి.

సరిగ్గా అప్పుడే యుద్ధం నుంచి తిరిగొచ్చే ఓడలతో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లూయెంజా దేశమంతా పాకింది. కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల మంది దాకా చనిపోయారని అంచనాలు. యుద్ధరంగంలో చనిపోయిన భారతీయులకంటే నూటయాభై రెట్లకు పైగా ఇంటిపట్టున చనిపోయారు. బట్ట ధర పెరిగితే కఫన్ ధరా పెరుగుతుంది. కట్టెల ధర పెరిగితే చితి ధరా పెరుగుతుంది. ఆ జబ్బు ఎవరి మతమూ అడగలేదు. గొంతు ఎండినవాడిది ఏ కులమని ఆకలీ అడగలేదు.

ఇంతవరకూ యుద్ధం అందరికీ ఒకటే. ఇక్కడి నుంచి మా కథ వేరవుతుంది.

* * *

1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెక్ దగ్గర ఖుదాదాద్ ఖాన్ అనే పంజాబీ ముస్లిం సిపాయి, తన మరతుపాకీ దళంలో అందరూ చనిపోయాక కూడా గాయాలతో ఒంటరిగా నిలబడి పోరాడాడు. బ్రిటిష్ సామ్రాజ్యపు అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారతీయ సిపాయి ఆయనే. ఆ తర్వాత వారం తిరక్కముందే తుర్కీ యుద్ధంలోకి దిగింది. జర్మనీ పక్షాన దిగింది. తుర్కీ సుల్తాను ముస్లింల ఖలీఫా. మక్కా, మదీనా, బైతుల్ ముఖద్దస్ ఆయన రాజ్యంలోనే ఉన్నాయి. ఈ దేశంలో ఎన్నో మసీదుల్లో జుమ్మా ఖుత్బాలో ఆయన పేరు చదివేవాళ్లు. నవంబరు నెలలో ఇస్తాంబుల్ నుంచి జిహాద్ ఫత్వా వచ్చింది.

అంతే. బెల్జియంలో ఒక ముస్లిం దేహం మీద గాయాలు ఆరకముందే ఇక్కడ కోట్లాది ముస్లింలు అనుమానితులైపోయారు.

ఆ ఊళ్ల పేర్లు మాకు కొత్త కాదన్నది నిజం. పీర్ల పండుగ జరిగే ప్రతి తెలుగు పల్లెకూ కర్బలా తెలుసు. అలావా చుట్టూ ఆడే హిందువులకూ తెలుసు. గ్యార్వీ నాడు ఫాతిహా ఇచ్చే ప్రతి ఇంటికీ బగ్దాదు పీరు తెలుసు. అక్షరం రాని మా నానమ్మల నోట బస్రా, బగ్దాదు, మదీనా పక్క ఊళ్ల పేర్లలాగా దొర్లేవి. 1917 మార్చిలో బ్రిటిష్ సైన్యం బగ్దాదును పట్టుకుంది. పట్టుకున్న సైన్యంలో భారతీయ సిపాయిలు పెద్దసంఖ్యలో ఉన్నారు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు. కొడుకు జీతం బగ్దాదు మీద తుపాకీ పట్టినందుకు వస్తుంది. తల్లి మొక్కు బగ్దాదు పీరుకే చెల్లించాలి. ఇలాంటి ఇళ్లు ఎన్నున్నాయో, ఆ ఇళ్లలో ఎలాంటి మౌనం ఉందో ఏ గెజెట్‌లోనూ లేదు.

మనసులో బాధ ఉండటం వేరు, ద్రోహం చేయడం వేరు. సర్కారుకు ఆ తేడా అక్కర్లేకపోయింది. మహమ్మద్ అలీ నడిపే కామ్రేడ్ పత్రిక తుర్కీ గురించి ఒక వ్యాసం రాసినందుకు జామీను సొమ్ము జప్తు చేశారు. 1914 నవంబరులో ఆ పత్రిక ఆగిపోయింది. కలకత్తాలో మౌలానా ఆజాద్ అల్ హిలాల్ కూడా అదే నెలలో మూతపడింది. 1915 మార్చిలో భారత రక్షణ చట్టం వచ్చింది. విచారణ లేకుండా మనిషిని ఊళ్లోంచి వెళ్లగొట్టవచ్చు, ఇంకో ఊళ్లో కట్టిపడేయవచ్చు. 1915 మేలో అలీ సోదరులను నిర్బంధించారు. మెహ్రోలీ, లాన్స్‌డౌన్, చింద్వాడా అంటూ తిప్పారు. 1916లో ఆజాద్‌ను బెంగాల్ నుంచి వెళ్లగొట్టి రాంచీలో ఉంచారు. హస్రత్ మొహానీని జైల్లో వేశారు. లాహోరు జమీందార్ పత్రిక సంపాదకుడు జఫర్ అలీ ఖాన్‌ను సొంత ఊళ్లో నిర్బంధించారు. దేవబంద్ గురువు మౌలానా మహమూద్ హసన్‌ను పట్టు ఉత్తరాల కుట్ర పేరుతో హిజాజ్‌లో పట్టుకుని మాల్టా దీవికి పంపారు. 1920 దాకా ఆ ముసలాయన అక్కడే.

సింగపూర్ కథ ఇంకా చేదు. 1915 ఫిబ్రవరి 15న అక్కడున్న ఐదవ లైట్ ఇన్‌ఫంట్రీ సిపాయిలు తిరగబడ్డారు. వాళ్లంతా ముస్లింలు. వాళ్లను పంపాలనుకున్నది హాంకాంగ్‌కు. కానీ తుర్కుల మీదికి పంపుతున్నారన్న పుకారు బారక్‌లలో పాకింది. ఎక్కడికి పంపుతున్నారో సిపాయికి నమ్మకం కలిగేలా చెప్పే అలవాటు దొరలకు లేదు. తిరుగుబాటు అణిగాక 47 మందిని జైలు గోడ పక్కన నిలబెట్టి జనం చూస్తుండగా కాల్చి చంపారు. వాళ్ల ఇళ్లు ఈనాటి హర్యానా ప్రాంతంలో ఉండేవి.

ఒక మాట ఒప్పుకోవాలి. భారత రక్షణ చట్టం మా ఒక్కరి మీదే పడలేదు. బెంగాల్ విప్లవకారుల మీద పడింది. గదర్ పార్టీ సిక్కుల మీద పడింది. లాహోరు కుట్ర కేసుల్లో ఉరికంబాలెక్కినవాళ్లలో సిక్కులే ఎక్కువ. వాళ్ల త్యాగాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కానీ ఒక తేడా చూడండి. బెంగాలీని అనుమానించింది బాంబు కోసం. గదర్ సిక్కును అనుమానించింది తుపాకీ కోసం. మమ్మల్ని అనుమానించింది మా దువా కోసం. ఖుత్బాలో ఎవరి పేరు చదువుతున్నారు, ఏ పత్రిక వింటున్నారు, చందా ఎవరికిస్తున్నారు అని. చేసిన పనికి కాదు, మనసులో ఉందనుకున్నదానికి సోదా జరిగింది.

* * *

ఈ సోదాకు ఒక కాగితం కూడా ఉంది. ఇప్పుడు మేం 'దేశభక్తి సర్టిఫికెట్' అని ఎగతాళిగా అంటుంటాం. 1917లో అది ఎగతాళి కాదు. చింద్వాడాలో ఉన్న అలీ సోదరుల దగ్గరికి సర్కారు ఒక హామీపత్రం పంపింది. యుద్ధం ముగిసేదాకా రాజుగారి శత్రువులకు మేలు కలిగించే మాట మాట్లాడం, రాయం, చేయం అని సంతకం పెడితే వదిలేస్తామంది. సోదరులు సంతకానికి ఒప్పుకున్నారు. కానీ ఒక వాక్యం చేర్చారు. ఇస్లాం పట్ల మాకున్న విధేయతకు భంగం లేకుండా అని. ఆ ఒక్క వాక్యం సర్కారుకు మింగుడుపడలేదు. నిర్బంధం కొనసాగింది.

అదే ఏడు జూన్‌లో మద్రాసు ప్రభుత్వం అనీబిసెంటును నిర్బంధించింది. మన తెలుగు జిల్లాల్లో కూడా హోంరూల్ సభలు జోరుగా జరిగాయి. దేశమంతా గొడవ చేసింది. సెప్టెంబరులో ఆమెను విడుదల చేశారు. డిసెంబరులో కలకత్తాలో ఆమె కాంగ్రెస్ అధ్యక్ష పీఠం ఎక్కింది. అదే నెలలో, అదే నగరంలో ముస్లిం లీగ్ సభ జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది మహమ్మద్ అలీని. ఆయన కుర్చీ ఖాళీ. కుర్చీలో ఆయన ఫోటో పెట్టారు. ఆయన తల్లి ఆబాదీ బానో బేగం, అందరూ బీ అమ్మా అని పిలిచే ఆ వృద్ధురాలు, బురఖాలోంచే సభతో మాట్లాడింది. ఒకే చట్టం. ఒకరికి మూడు నెలలు. ఇంకొకరికి నాలుగున్నర ఏళ్లు. యుద్ధం 1918 నవంబరులో ముగిసినా అలీ సోదరులు బయటికి వచ్చింది 1919 డిసెంబరు చివర్లో.

ఇంటిపట్టున యుద్ధం ఏం చేసిందని అడిగితే బీ అమ్మానే చూపించాలి. చిన్న వయసులో భర్తను పోగొట్టుకుని, నగలు తాకట్టు పెట్టి కొడుకులకు చదువు చెప్పించిన ఆడమనిషి. కొడుకులు జైల్లో ఉంటే వాళ్ల బదులు వేదికలెక్కింది. ముస్లిం స్త్రీకి నోరు లేదని ఇప్పటికీ రాసే పెద్దలు ఆమెను ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

గాంధీజీ విషయం కూడా చెప్పాలి. 1918 ఏప్రిల్‌లో వైస్రాయ్ ఢిల్లీలో యుద్ధ సదస్సు పెట్టినప్పుడు తిలక్‌ను, బిసెంటును, అలీ సోదరులను పిలవలేదని ఆయన మొదట రానన్నాడు. తర్వాత వెళ్లాడు. ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని చెప్పాడు. చాలామంది రైతులు ఆయన మాట వినలేదు. గుజరాతీ రైతు సైన్యంలో చేరనన్నా అతని మతాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. మేం దీన్ని తప్పుపట్టడం లేదు. రైతు చేసింది సరైన పని. అలా వద్దనే స్వేచ్ఛ అందరికీ సమానంగా లేదని మాత్రమే అంటున్నాం.

* * *

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుతగులుతారు. మరి మీ నిజాం సంగతేమిటి అంటారు. చెప్పుకుందాం.

తుర్కీ యుద్ధంలోకి దిగగానే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశాడు. ముస్లింలు బ్రిటిష్‌వారికి విశ్వాసంగా ఉండాలన్నాడు. దక్కన్ హార్స్ దళానికి, హైదరాబాదు లాన్సర్లకు ఖర్చు భరించాడు. బ్రిటిష్ విమానదళానికి విమానాలు కొనిచ్చాడు. 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు స్క్వాడ్రన్ అనే పేరు అలా వచ్చింది. హైదరాబాదు లాన్సర్లు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో ఒకే బ్రిగేడ్‌లో ఈజిప్టు, పాలస్తీనా వెళ్లారు. తుర్కీ సైన్యానికి ఎదురు నిలిచారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అని పిలిచే చోట నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుది. దాని పక్కనుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో! 1918 జనవరిలో నిజాంకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడన్నారు.

అంటే విశ్వాస పరీక్షలో నిజాం మొదటి తరగతిలో పాసయ్యాడు. ఆయన ఇచ్చిన డబ్బు ఎక్కడిది? తెలంగాణ రైతు కట్టిన శిస్తు. ఆ రైతుల్లో రెడ్డీ ఉన్నాడు, మాదిగా ఉన్నాడు, మా దూదేకులవాడూ ఉన్నాడు. బిరుదు ఒక్కడికి దక్కింది. ఫర్మానా చదివిన నవాబులకు బిరుదులో వాటాలు దక్కాయి. అణా జీతానికి లాన్సర్లలో గుర్రపు సాహెబులైనవాళ్లకు గడ్డితో పాటు ఇసుక దక్కింది. యుద్ధం తర్వాత ఖిలాఫత్ సభలు హైదరాబాదులో కూడా జరిగాయి. హిందువులు, ముస్లింలు కలిసి కూర్చున్నారు. ఆ సభలను సహించలేక రాజకీయ సభల మీద ఆంక్షలు పెట్టింది ఈ ముస్లిం ప్రభువే.

కాబట్టి నిజాంను మా నెత్తిన పెట్టకండి. ఆయన విశ్వాసం మా విశ్వాసం కాదు. ఆయన ద్రోహమూ మా ద్రోహం కాదు. దొరతనానికి మతం ఉండదు. సామ్రాజ్యానికి కావలసింది ముస్లింను అనుమానించడమో నమ్మడమో కాదు, వాడుకోవడం. బిరుదునూ జైలునూ రెండు చేతుల్లో పట్టుకుని, ఏది కావాలో తేల్చుకోమంది.

మా నాయకుల తప్పులూ మాకు కనిపిస్తున్నాయి. ఖలీఫా పీఠం మీద పెట్టుకున్న ఆశ మట్టిగోడ మీద పెట్టిన బరువు. 1916లో మక్కా షరీఫ్ హుసేనే ఖలీఫా మీద తిరగబడ్డాడు. అరబ్బులకు తుర్కీ ఏలుబడి పరాయి ఏలుబడే. చివరికి 1924 మార్చిలో తుర్కులే ఖలీఫా పదవిని రద్దు చేసుకున్నారు. ఖిలాఫత్ గురించి గంటలకొద్దీ మాట్లాడిన ఉలేమాలు, నేతగాడి నూలు గురించి, కసాయి బాకీ గురించి, ఇన్‌ఫ్లూయెంజాలో దిక్కులేకుండా పోయిన వితంతువు గురించి అంత మాట్లాడలేదు. ఈ విమర్శ చేసే హక్కు మాకుంది. కానీ ఖిలాఫత్ ఉద్యమాన్ని పరదేశ భక్తి అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాళ్లకు ఆ హక్కు లేదు. ఎందుకో చెబుతాం.

* * *

యుద్ధం ముగిసింది. ఇచ్చిన మాటలు మట్టిలో కలిశాయి. తుర్కులు ఎక్కువగా ఉన్న నేలను వాళ్లకే ఉంచుతామని 1918 జనవరిలో బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ చెప్పాడు. 1920 ఆగస్టులో సేవ్ర్ ఒప్పందంలో ఆ నేలనే ముక్కలు చేశారు. హక్కులిస్తారని ఆశపడ్డ భారతీయులకు 1919 మార్చిలో రౌలట్ చట్టం ఇచ్చారు. యుద్ధకాలపు నిర్బంధాన్ని శాంతికాలానికి పొడిగించడమే ఆ చట్టం. నిన్నటిదాకా అనుమానితుడు ముస్లిం, సిక్కు, బెంగాలీ. ఇప్పుడు అందరూ.

అందరూ అనుమానితులైనప్పుడే అందరూ ఒకటయ్యారు. 1919 ఏప్రిల్ 4న స్వామి శ్రద్ధానంద ఢిల్లీ జామా మసీదులో ప్రసంగించాడు. ఏప్రిల్ 10న అమృత్‌సర్‌లో అరెస్టయిన ఇద్దరు నాయకులు సైఫుద్దీన్ కిచ్లూ, సత్యపాల్. మూడు రోజుల తర్వాత జలియన్‌వాలాబాగ్‌లో రక్తం కలిసిపోయింది. ఎవరిది ఏ మతమో ఆ నేలకు తెలియదు.

1921 జులైలో కరాచీలో ఖిలాఫత్ సదస్సు జరిగింది. బ్రిటిష్ సైన్యంలో పనిచేయడం ముస్లింకు హరామ్ అని తీర్మానం చేసింది. ఏడేళ్ల కింద విక్టోరియా క్రాస్ ఇచ్చిన సైన్యం అది. మూడేళ్ల కింద ఊళ్ల మీద పడి మనుషుల్ని లాక్కుపోయిన సైన్యం అది. ఈ తీర్మానానికి ఖలీఫా కారణం కావచ్చు. కానీ సామ్రాజ్యానికి కూలి సిపాయిలుగా ఇక చావమని ఈ దేశంలో బహిరంగంగా చెప్పిన తొలి గొంతుల్లో అదొకటి.

ఆ తీర్మానానికి జవాబు మన తెలుగు నేల మీద వచ్చింది. 1921 సెప్టెంబరు 14న గాంధీజీ, మహమ్మద్ అలీ మద్రాసుకు రైల్లో వెళ్తున్నారు. బండి వాల్తేరు స్టేషన్లో ఆగింది. బయట జనం ఎదురుచూస్తున్నారు. వాళ్లతో మాట్లాడటానికి వెళ్తున్న మహమ్మద్ అలీని పోలీసులు అక్కడే పట్టుకున్నారు. ఆయన భార్య అమ్జదీ బేగం గాంధీజీతో కలిసి ప్రయాణం కొనసాగించింది. కరాచీలో విచారణ జరిగింది. ముద్దాయిలు ఏడుగురు. ఆరుగురు ముస్లింలు. ఒకరు శంకరాచార్య పీఠానికి చెందిన భారతీ కృష్ణతీర్థ. నవంబరు 1న తీర్పు వచ్చింది. ఆరుగురికి రెండేళ్ల కఠిన శిక్ష. స్వామిగారిని వదిలేశారు. ఆయన ఆ బోనులో మావాళ్ల పక్కన నిలబడ్డాడన్నది మేం మరిచిపోలేదు. ఆయనకు శిక్ష పడలేదన్నదీ మరిచిపోలేదు.

ఆ అరెస్టు తర్వాత గాంధీజీ తిరుచిరాపల్లిలో అదే మాటను తాను కూడా పలికాడు. అక్టోబరులో దేశ నాయకులు, హిందువులూ ముస్లింలూ కలిసి, ఈ ప్రభుత్వానికి సిపాయిగా పనిచేయడం జాతి గౌరవానికి తగదని ప్రకటన మీద సంతకాలు చేశారు. ముస్లిం చెబితే రాజద్రోహమైన మాట అలా దేశం మాట అయింది. పరదేశ భక్తి అనేవాళ్లు ఈ సంతకాలను ఏమంటారు?

* * *

ఇంత పాత కథ ఇప్పుడెందుకు? ఆ యుద్ధం ముగిసినా, ఆ యుద్ధం నేర్పిన పద్ధతి ముగియలేదు కాబట్టి. భారత రక్షణ చట్టం 1939లో మళ్లీ వచ్చింది. తెల్లవాళ్లు పోయాక 1962లో వచ్చింది, 1971లో వచ్చింది. 1985 నుంచి 1995 దాకా టాడా వచ్చి పోయింది. 2002లో పోటా వచ్చి 2004లో పోయింది. పేర్లు మారతాయి. యుద్ధం కోసం, అత్యవసరం కోసం చేసిన చట్టం ముందుగా ఎవరి గుమ్మం వెతుక్కుంటుందో మా గల్లీలకు తెలుసు. అది అక్కడితో ఆగదని 1919లో దేశమంతా తెలుసుకుంది. ఆ తర్వాత మరిచిపోయింది.

లౌకికవాద మిత్రులకు మేం చెప్పేది ఒక్కటే. మా తరఫున అబ్దుల్ హమీద్ పేరు చెప్పి మమ్మల్ని కాపాడాలని చూడకండి. ఆయన ఈ దేశం కోసం చనిపోయాడు. మాకు హామీపత్రం రాయడానికి కాదు. ప్రాణమిచ్చినవాడి పేరు చూపిస్తేనే బతికున్నవాడిని నమ్ముతామంటే, ఆ నమ్మకం మాకు వద్దు. సైన్యంలో చేరని ముస్లిం, యుద్ధం వద్దనే ముస్లిం, క్రికెట్ చూడని ముస్లిం, ఏమీ మాట్లాడకుండా దూది ఏకుకుంటూ బతికే ముస్లిం కూడా ఈ దేశం మనిషే. అది ఒప్పుకోవడానికి కాగితం అక్కర్లేదు.

మావాళ్లకు చెప్పేది ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో ఆ కాలపు సంగతులు ఇంకా ఉన్నాయి. బస్రా వెళ్లి తిరిగిరాని తాత గురించి, ఇన్‌ఫ్లూయెంజాలో ఒకే వారంలో మూడు జనాజాలు లేచిన గడప గురించి, పరదా వెనక నుంచి ఖిలాఫత్ ఫండ్‌కు చేతి గాజులు తీసిచ్చిన నానీ గురించి మన పెద్దలు చెబుతుంటే విని వదిలేశాం. నవాబుల చరిత్రను మన చరిత్ర అనుకుని మోశాం. ఇక మన చరిత్రను మనం రాసుకోవాలి. ఎవరికో రుజువు చూపించడానికి కాదు. మన పిల్లలు రేడియో చప్పుడు తగ్గించకుండా వార్తలు వినడానికి.